మెడ చూసి చెప్పే కనకలక్ష్మి

పటమటలో ఏ ఇంట్లోనైనా పెళ్లి కుదిరి, తీరా చూస్తే పెళ్లికూతురి మెడ నల్లగా కనిపిస్తే, అందరి నోటా ముందు వచ్చే పేరు కనకలక్ష్మిది. మందుల షాపు పైన, మేడ మీద ఆవిడ పార్లరు. ఆవిడ ఒక్కదానిదే కాదు. చిన్ననాటి స్నేహితురాలు ఏంజెల్‌తో కలిసి పెట్టుకుంది. జుట్టు పనంతా ఏంజెల్ది, ముఖమూ మెడా కనకలక్ష్మివి. సెనగపిండి, పెరుగు, బొప్పాయి గుజ్జు, వాటితోపాటు ఇంకేదో కలిపి మెడకి ప్యాకు వేస్తుంది. ఆ ఇంకేదో ఏమిటని ఏంజెల్ అడిగినా చెప్పేది కాదు. అది ఎండబెట్టిన నిమ్మతొక్కల పొడి. ఆ సంగతి ఏంజెల్‌కి మొదటిరోజే వాసన పట్టి తెలిసిపోయింది. అయినా తెలియనట్టే ఉండేది, స్నేహం కోసం.

చిక్కల్లా ఒక్కటే. ఆ ప్యాకు కనకలక్ష్మి మెడ మీద మాత్రం పనిచేసేది కాదు.

ఆవిడ మెడ వెనక నలుపు మామూలు నలుపు కాదు. ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా మందంగా, ముడతలు ముడతలుగా ఉండేది. పక్కన చిన్న చిన్న పులిపిర్లు. నలుగురి మెడలు తెల్లబరిచే మనిషికి ఇలాంటి మెడ ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? అందుకని బెజవాడ రోహిణీకార్తె ఎండల్లో కూడా గొంతు దాకా మూసిన కుర్తా వేసుకుని, పైన చున్నీ చుట్టుకుని తిరిగేది. చూసినవాళ్లు అదేదో కొత్త ఫ్యాషననుకున్నారు. ఇద్దరు ముగ్గురు అలాంటి కుర్తాలు కుట్టించుకుని, నాలుగు రోజులు ఉడికిపోయి, పనిమనుషులకిచ్చేశారు.

“గొలుసు ఒరుసుకుని అలా అయింది,” అని కనకలక్ష్మి అందరికీ చెప్పేది. అత్తగారు మాణిక్యమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. “గొలుసూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నువ్వు సరిగ్గా రుద్దుకోవు. మా రోజుల్లో పీచుతో రుద్దితే చర్మం ఊడొచ్చేది,” అనేది. కోడలు కూడా చర్మం ఊడొచ్చేలాగే రుద్దుకుంది. మంట పుట్టింది గానీ నలుపు మాత్రం ఉన్నచోటే ఉంది.

కనకలక్ష్మి పుట్టిల్లు ఉయ్యూరు పక్కన. చెరకు బండి ఇంటిముందు నుంచి వెళ్తే వెనకాల పరిగెత్తి గడ లాక్కుని నమిలిన పిల్ల. ఇంటర్మీడియట్లో ఉండగానే నెలసరి గాడి తప్పింది. “పెళ్లయితే అదే సర్దుకుంటుంది,” అన్నారు. పెళ్లయింది, సర్దుకోలేదు. స్కానింగు తీయిస్తే పీసీఓడీ అన్నారు, అండాశయాల్లో నీటి బుడగలున్నాయన్నారు. మాత్రలు వాడింది, కూతురు మనోజ్ఞ పుట్టింది. బుడగల కథ అంతటితో అయిపోయిందని ఇంటిల్లిపాదీ నమ్మేశారు. అది పిల్లల కోసం వచ్చే జబ్బనీ, పిల్ల పుట్టాక దానికిక పనేముంటుందనీ కనకలక్ష్మి కూడా అనుకుంది. ఇప్పుడు మనోజ్ఞ ఆరో తరగతి. ఈలోగా తల్లి నడుము చుట్టుకొలత పెరిగింది, అన్నం తిన్నాక కళ్లు మూతలు పడటం మొదలైంది, గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి. సోమవారం పొద్దున షట్టరు తీయకముందే ఏంజెల్ ఆమెకి దారంతో వాటిని తీసేసేది. ఏంజెల్ మాత్రం వెదురుబద్దలా ఉండేది. ఎంత తిన్నా అంతే. “నీ ఒంట్లోకి వెళ్లిన బిరియాని ఎక్కడికి పోతుందే?” అని కనకలక్ష్మి కుళ్లుకునేది.

వేసవిలో ఒకరోజు కొత్తావిడ ఒకరు కనుబొమలు చేయించుకోవడానికి వచ్చారు. పేరు అనఘ. సాయంత్రం ఏదో పెళ్లికి వెళ్లాలట. కుర్చీ వెనక్కి వాల్చి, దారం ఒక కొస పళ్ల మధ్య బిగించి, కనకలక్ష్మి పని మొదలుపెట్టిందో లేదో, కరెంటు పోయింది. ఏసీ ఆగింది. కాసేపు ఓర్చుకుంది. తర్వాత, ఎలాగూ కళ్లు మూసుకునే ఉన్నారు కదా అని చున్నీ తీసి పక్కన పడేసి, కాలరు గుండీలు విప్పింది.

అనఘ కళ్లు తెరిచారు. ఎదురుగా అద్దంలో, వెనక గోడ మీది అద్దం నీడలో, కనకలక్ష్మి మెడ వెనక భాగం స్పష్టంగా కనిపిస్తోంది.

“మీకు నెలనెలా సరిగ్గా వస్తుందా?” అని అడిగారు.

కనకలక్ష్మి పళ్ల మధ్య దారం ఉంది. “ఊఁ?” అంది.

“పీరియడ్సండీ. మధ్యలో నెలలు తప్పుతుంటాయా? మీ ఇంట్లో ఎవరికైనా షుగరుందా?”

ఆ ప్రశ్నకి కనకలక్ష్మి ఉలిక్కిపడింది. తలతోపాటు దారమూ కదిలింది. ఉండాల్సిన నాలుగు వెంట్రుకలు కాస్తా ఊడొచ్చేశాయి. ఎడమ కనుబొమ సగంలో చిన్న సందు పడింది.

“అయ్యో! ఎంత పనయింది,” అని కనకలక్ష్మి గాభరాపడి కాటుక పెన్సిలు తెచ్చి ఆ సందు పూడ్చే పనిలో పడింది. అనఘ నవ్వేశారు. “పోనీలెండి. నేను డాక్టర్ని. షుగరు, హార్మోన్ల జబ్బులు చూస్తాను. మీ మెడ చూసి నోరు ఊరుకోలేదు. అది మురికి కాదు, మీరు రుద్దితే పోయేది కాదు. బెంజ్ సర్కిల్ దగ్గర మా క్లినిక్. ఒకసారి పరగడుపున రండి,” అన్నారు. ఆవిడ ఆ సాయంత్రం పెళ్లికి పెన్సిలు కనుబొమతోనే వెళ్లారు.

కనకలక్ష్మి భర్త తిరుపతిరావు ఆటోనగర్లో లారీల గేరుబాక్సులు విప్పి బాగుచేసే మెకానిక్కు. భార్య చెప్పింది విని, “మెడ చూసి జబ్బు చెప్పారంటే మంచి డాక్టరే అయ్యుండాలి. మేమూ బండి సౌండు విని చెబుతాం,” అని మర్నాడు పొద్దునే స్కూటరు ఎక్కించుకుని తీసుకెళ్లాడు. రక్తం తీశారు, నడుము కొలిచారు, బీపీ చూశారు, కడుపు స్కానింగు చేశారు. రిపోర్టులు వచ్చాక అనఘ ఇద్దర్నీ కూర్చోబెట్టారు.

“షుగరు ఇంకా రాలేదు. కానీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉంది, లివరుకి కూడా కాస్త పట్టింది. ఇదంతా మీ పీసీఓఎస్, అదే మీరు పీసీఓడీ అనేదాని తాలూకే.”

“అది మా అమ్మాయి పుట్టినప్పుడే పోయింది కదండీ,” అంది కనకలక్ష్మి.

“పోలేదమ్మా. మీరు దాన్ని మర్చిపోయారు, అది మిమ్మల్ని మర్చిపోలేదు. ఇది పిల్లలు పుట్టడానికి సంబంధించిన గొడవ మాత్రమే కాదు. మీ ఒంట్లో ఇన్సులిన్ తయారవుతోంది. కానీ కండరాలూ లివరూ దాని మాట వినడం లేదు. వినడం లేదని ఒళ్లు ఇంకా ఎక్కువ తయారుచేస్తోంది. ఆ ఎక్కువైన ఇన్సులినే మెడ మీద చర్మాన్ని అలా చేస్తుంది. అండాశయాల్ని కూడా అదే రెచ్చగొడుతుంది. అందుకే గడ్డం కింద వెంట్రుకలు, నెలసరి తప్పడం.”

తిరుపతిరావు ముందుకు జరిగాడు. “అంటే క్లచ్ ప్లేటు జారుతోందన్నమాట. ఇంజను తిరుగుతుంది, బండి కదలదు.”

“అలా కాదండీ.”

“పోనీ, డీజిలు ఎక్కువ కొడుతోందంటారా?”

“అలా కూడా కాదు.”

“మీరు ఊరుకోండి,” అని కనకలక్ష్మి భర్త తొడ గిల్లింది. అయినా ఆయన ఆటోనగర్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ క్లచ్ ప్లేటనే చెప్పాడు.

ఒళ్లు ఇన్సులిన్ మాట వినేలా డాక్టరు మెట్‌ఫార్మిన్ అనే మాత్ర రాశారు. అన్నం తిన్నాకే వేసుకోమన్నారు. నడవమన్నారు. “నేను రోజంతా నిలబడే ఉంటానండీ,” అని కనకలక్ష్మి అంటే, “నిలబడటం వేరు, కండరానికి పని చెప్పడం వేరు. బరువులెత్తండి,” అన్నారు. అన్నం మానొద్దుగానీ సగం చేసి, ముందు కూరా పప్పూ గుడ్డూ చేపా తిని, చివర్లో అన్నం కలుపుకోమన్నారు.

ఇంటికొచ్చి చెబితే మాణిక్యమ్మకి కోపమొచ్చింది. జబ్బు మీద కాదు, వరస తప్పినందుకు. “షుగరొస్తే నాకు రావాలిగానీ నీకు రావడమేంటమ్మా? ఇంట్లో పెద్దదాన్ని నేనుండగా!” అంది. రెండు రోజులు ఆలోచించి, ఎవరికీ చెప్పకుండా పక్కింటావిడని వెంటబెట్టుకుని ల్యాబుకి వెళ్లి రక్తం ఇచ్చి వచ్చింది. రిపోర్టులో అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఆ కాగితం టేబులు మీద పడేసి, “నాకేం లేదంట,” అని ముఖం ముడుచుకుని పడుకుంది. ఆ వయసులో అంత మంచి రిపోర్టు వచ్చినందుకు అంతగా అలిగిన మనిషిని పటమటలో ఎవరూ చూసి ఉండరు.

అన్నం సగం చేయడమంటే ఆవిడకి అసలు మింగుడుపడలేదు. “గోంగూర పచ్చడి ఉత్తినే నాకుతారా ఎక్కడైనా?” అనేది. కోడలి కంచంలో కొలతగా పెట్టిన అన్నం మీద నెయ్యి వేస్తున్నట్టు వంగి, గుట్టుగా ఇంకో గరిటె దించేది. కనకలక్ష్మి దాన్ని తీసి భర్త కంచంలో వేసేది. తిరుపతిరావు మారు మాట్లాడకుండా తినేవాడు. నెల తిరిగేసరికి ఆయన చొక్కా గుండీలు పట్టలేదు. అప్పుడు మాణిక్యమ్మకి కొడుకు మీద భయం పట్టుకుని గరిటె దానంతటదే ఆగిపోయింది.

మాత్రతో ఇంకో తంటా వచ్చింది. పరగడుపున వేసుకుంటే ఇంకా గట్టిగా పనిచేస్తుందని కనకలక్ష్మి సొంత తెలివి ఉపయోగించింది. ఇక ఆ వారమంతా కడుపులో ఒకటే ఉరుములు. పార్లరులో ఫేషియల్ గది నిశ్శబ్దంగా ఉంటుంది. కళ్ల మీద కీరా ముక్కలు పెట్టుకుని పడుకున్నావిడ “వర్షం వచ్చేలా ఉందే,” అంది. ఏంజెల్ పరిగెత్తుకెళ్లి పాటల సౌండు పెంచింది. పాట అయిపోయి రెండో పాట మొదలయ్యే ఆ కాస్త సందులోనే మళ్లీ ఉరిమింది. “మిక్సీ, మిక్సీ,” అని ఏంజెల్ గట్టిగా అరిచింది. డాక్టరుకి ఫోన్ చేస్తే, “తిన్నాక వేసుకోమంటే తిన్నాకే వేసుకోవాలి,” అని చీవాట్లు పెట్టి, మెల్లగా కరిగే రకం మాత్ర మార్చి ఇచ్చారు. ఆకాశం తేటపడింది.

బరువుల సంగతి తిరుపతిరావు చూసుకున్నాడు. షెడ్డులో పనికిరాకుండా పడున్న గేరు చక్రాలు కిరసనాయిలుతో కడిగి, చేతికి గుచ్చుకోకుండా పళ్లకి పాత ట్యూబు రబ్బరు చుట్టి, జంటలు జంటలుగా తెచ్చాడు. చిన్నవాటితో మొదలుపెట్టించాడు. సాయంత్రం డాబా మీద కనకలక్ష్మి లారీ గేర్లు తలపైకెత్తి దించుతుంటే చుట్టుపక్కల డాబాల మీద బట్టలు తీసేవాళ్లు తీస్తూ తీస్తూ ఆగిపోయేవాళ్లు. “అది ఏ బండి గేరండీ?” అని ఎవరైనా అడిగితే తిరుపతిరావు కింద నుంచే గర్వంగా చెప్పేవాడు.

వానలు పడి వెలిశాయి. నడుము కాస్త తగ్గింది. మధ్యాహ్నం నిద్ర పారిపోయింది. రక్తంలో కొవ్వు దిగింది, షుగరు గుమ్మం దగ్గర్నుంచి వీధిలోకి వెళ్లింది. మెడ నలుపు మెల్లగా అంచుల నుంచి పలచబడటం మొదలైంది. బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు. “మీకు కాటా మీద అంకె ఎందుకమ్మా? లోపల మారుతోంది చాలు,” అన్నారు డాక్టరు. నెలసరి కూడా దారికొచ్చింది. అది వచ్చిన రోజు కనకలక్ష్మి కస్టమర్లందరికీ నవ్వుతూ నూనె మర్దనా ఉచితంగా చేసింది, ఎందుకో చెప్పకుండా.

ఇక్కడిదాకా బాగానే ఉంది. గొడవల్లా తర్వాత వచ్చింది. తన మెడ బాగుపడుతుండేసరికి కనకలక్ష్మి కళ్లన్నీ ఎదుటివాళ్ల మెడల మీద పడ్డాయి. సిటీ బస్సులో ముందు సీట్లోవాళ్ల మెడ, గుళ్లో వరుసలో ముందు నిలబడ్డావిడ మెడ, పెళ్లిలో వీడియో తీస్తున్న ఆడపిల్ల మెడ. కనిపించడం ఆలస్యం, “ఏమ్మా, నెలసరి సరిగ్గా వస్తోందా?” అని అడిగేసేది. పార్లరులో మెడ ప్యాకుకి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, “ప్యాకు తర్వాత, ముందు రక్తపరీక్ష,” అనేది. కొందరు విన్నారు. కొందరు వేరే పార్లరు చూసుకున్నారు.

“నువ్వు పార్లరు నడుపుతున్నావా, ఆస్పత్రి నడుపుతున్నావా?” అని ఏంజెల్ విసుక్కుంది. “నా దగ్గర జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చినావిడ మెడ కూడా వదల్లేదు నువ్వు.”

“మంచికే కదే చెప్పేది.”

“మంచేగానీ, ఆవిడ ఏడుస్తూ వెళ్లింది. అప్పటికి ఒక పక్క జుట్టే కత్తిరించాను.”

అలా దొరికినవాళ్లలో దుర్గాంబ ఒకావిడ. కాన్వెంటులో తెలుగు టీచరు. మాట మహా ఖచ్చితం. ఆవిడ మెడ పక్కన నల్లటి చార చూసి కనకలక్ష్మి ఒక్క క్షణం ఆగలేదు. “టీచరుగారూ, నా మాట వినండి. ఇది అదే. నాకూ ఇలాగే మొదలైంది,” అని భయపెట్టి పంపించింది. దుర్గాంబ ఆ రోజే ఇంట్లో పంచదార డబ్బా ఖాళీ చేసింది, అరటిపళ్లు పక్కింటికి పంపేసింది. డాక్టరు అపాయింటుమెంటు దొరికేదాకా ఆ ఇంటిల్లిపాదీ చప్పటి కాఫీ తాగారు.

ఒక మధ్యాహ్నం దుర్గాంబ పార్లరులోకి దూసుకొచ్చింది. ఏంజెల్ ఎవరికో జుట్టు దువ్వుతోంది. కనకలక్ష్మి ఎదురెళ్లి, “ఏమన్నారండీ డాక్టరుగారు?” అంది ఆత్రంగా.

“ఏమంటారు? నీకు ఒక నమస్కారం చెప్పమన్నారు,” అంది దుర్గాంబ. “నాకు పీసీఓఎస్ లేదు, షుగరు లేదు, కొవ్వు లేదు. అది రంగు ఒంటికి పడక మెడ మీద చర్మం రేగి, మచ్చ కట్టిందట. తలకి వేసుకునే రంగు! ఇన్నాళ్లూ మా ఆయన చేత చప్పటి కాఫీ తాగించావు. ఆయన నాతో మాట్లాడటం మానేశారు.”

ఏంజెల్ దువ్వెన ఆపింది. “రంగా? ఏ రంగండీ? తలకి రంగేసుకోవడం మానేశానని కదా మీరు నాకు చెప్పారు?”

దుర్గాంబ కోపం సగంలో ఆగిపోయింది. “అది... ఇంట్లోనే... మా మరదలు వేస్తోంది,” అంది గొంతు తగ్గించి. తర్వాత సర్దుకుని కూర్చుంది. కనకలక్ష్మి మంచినీళ్లు తెచ్చిచ్చి, “తప్పయిపోయిందండీ,” అంది.

“తప్పు సంగతి అలా ఉంచు. డాక్టరుగారు ఇంకో మాట చెప్పారు. నీకు తప్పక అప్పజెప్పమన్నారు,” అంది దుర్గాంబ, పాఠం చెబుతున్నట్టు. “మెడ నల్లగా ఉన్నవాళ్లందరికీ ఆ జబ్బు ఉండదు. మెడ తెల్లగా ఉన్నవాళ్లకి ఉండదనీ లేదు. సన్నగా ఉన్నవాళ్లకి కూడా ఉండొచ్చు. మెడ చూడటం కాదు, నెలలు తప్పుతుంటే చూపించుకోమని చెప్పమన్నారు.”

ఏంజెల్ కుర్చీలో కూర్చున్నావిడ జుట్టుకి రబ్బరు వేసి పంపించేసింది. డబ్బులు తీసుకోవడం కూడా మర్చిపోయింది.

“ఎన్ని నెలలు తప్పితే?” అంది.

కనకలక్ష్మి తిరిగి చూసింది.

“నాకు ఎండాకాలం నుంచి రావట్లేదు,” అంది ఏంజెల్. “కడుపేమో అని చూసుకున్నాను, కాదు. పోనీలే, పీడా వదిలిందని సంతోషపడ్డాను. అంతకుముందూ అంతే, ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. నేను సన్నగానే ఉన్నాను కదా, నా మెడ బాగానే ఉంది కదా అని నీకు చెప్పలేదే.”

కనకలక్ష్మికి ఏడుపొచ్చినంత పనయింది. ఊళ్లో మెడలన్నీ చూసింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్కనే నిలబడే మనిషిని ఒక్కమాట అడగలేదు. “ఇంతమందిని అడిగాను. నిన్ను అడగలేదేంటే?” అంది.

“అడగలేదని నేను కూడా అనుకున్నా,” అంది ఏంజెల్. “కాస్త ఉక్రోషం కూడా వచ్చింది.”

దుర్గాంబ లేచి నిలబడింది. “మీ ఇద్దరి సంభాషణ దారిలో కానివ్వండి. ఈ పూట డాక్టరుగారు క్లినిక్‌లోనే ఉన్నారు, నేనిప్పుడే అక్కడి నుంచి వస్తున్నాను,” అని ఇద్దర్నీ కిందకి నడిపించి ఆటో పిలిచింది.

ఏంజెల్ రిపోర్టులు వచ్చాయి. పీసీఓఎస్సే. సన్నటి మనిషికి లివరులో కొవ్వు ఉందంటే అందరికంటే ముందు ఆమె భర్త లాజరు నమ్మలేదు. “ఎక్కడ పెట్టుకుందండీ?” అని డాక్టర్నే అడిగాడు. స్కూలు పిల్లల వ్యాను నడుపుతాడతను, ఏ సంగతైనా మొహమాటం లేకుండా అడిగేస్తాడు. బరువు తగ్గించుకోవాల్సిన పని ఏంజెల్‌కి లేదనీ, కండ పెంచుకోవాలనీ, నెలలకొద్దీ రాకుండా వదిలేస్తే గర్భసంచి లోపలి పొర మందమై ప్రమాదమనీ అనఘ చెప్పారు. నెలసరి రావడానికి వేరే మాత్ర ఇచ్చారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక తినే బిరియాని గురించి ఏంజెల్ అడిగింది. ఆ ప్రశ్నకి మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది. తినొచ్చు, కొంచెం తినమన్నారు. “కొంచెమంటే ఎంతండీ?” అని ఆవిడ చేతులతో చూపించబోతే, “మీ చెయ్యి కిందకి దించండి,” అన్నారు డాక్టరు నవ్వుతూ.

ఇది జరిగి ఏడాది దాటింది. కనకలక్ష్మి మెడ ఇప్పుడు సగానికి పైగా తేరుకుంది. మామూలు కుర్తాలు వేసుకుంటోంది. మెడ ప్యాకు ఇప్పటికీ వేస్తుంది. వేసే ముందు, “ఇది పైపై మెరుగేనండీ, లోపలి సంగతి లోపలే చూడాలి,” అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. బస్సుల్లో ఎవర్నీ అడగడం లేదు. మాణిక్యమ్మ మాత్రం ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష చేయించుకుని, ప్రతిసారీ అంతా బాగుందని వస్తే ఒకపూట అలుగుతుంది.

పొద్దున పార్లరు తెరవకముందు స్నేహితురాళ్లిద్దరూ కాలువ గట్టు మీద నడుస్తారు. దుర్గాంబ కూడా కలిసింది. ఆవిడకి జబ్బేమీ లేదు, మాట్లాడటానికి మనుషులు కావాలి. అందరికంటే వేగంగా నడిచేది ఆవిడే. మొన్న ఒకరోజు ఏంజెల్ ఆయాసపడుతూ ఆగి, “టీచరుగారూ, ఇంక చాలండీ. ఆకలేస్తోంది,” అంది.

“ఆకలి వేస్తే ఇంటికి వెళ్లే దారి కూడా నడకేనమ్మా,” అంది దుర్గాంబ వెనక్కి చూడకుండా.

కనకలక్ష్మి నవ్వు ఆపుకుంటూ ఏంజెల్ చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.